కాశీలో వదిలిన గంజి

పోయిన నెల నాగపూర్‌లో ఒక పెళ్లికి కారులో పోతూ, ఇచ్చోడ ఎప్పుడొస్తుందా అని అద్దానికి మొహం ఆనించి కూర్చున్నాను. బండి నడుపుతున్న మనుమడిని అడిగితే "ఇచ్చోడ ఎప్పుడో దాటినం బాపమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక, "ఈ తొవ్వ పొంటి నేను కాశీ నుంచి నడిచొచ్చిన, తెలుసా" అన్నాను. "ఎందుకు, అప్పుడు రైలు లేకుండెనా?" అన్నాడు వాడు. రైలు లేకేం, పోయేటప్పుడు రైలులోనే పోయాం. వచ్చేటప్పుడే నడిచాం. ఆ సంగతి వాడికి చెప్పబోయేసరికి వాడి ఫోను మోగింది. వినేవాడు లేకపోతే రాసుకోవడమే కదా మనకున్న దారి. అందుకని రాస్తున్నాను.

నేను పుట్టింది నస్పూర్‌లో. మా బాపు పుట్టుకతో సాలాయనే గానీ, మగ్గం మీద కడుపు నిండక బొగ్గు బాయిలో పనికి కుదిరాడు. అందుకని నేను బొగ్గు మసి చూస్తూ పెరిగానే తప్ప నూలు చూస్తూ పెరగలేదు. అలాంటి నన్ను తెచ్చి జమ్మికుంటలో సాలోళ్ల వాడకట్టులో ఇచ్చారు. అత్తగారిల్లంటే రెండు గుంట మగ్గాలు, ఒక వంటగది, మిగిలినదంతా నూలు. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే తగిలే వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడి నూలు, దీపపు నూనె, అన్నిటి మీదా పులిసిన బియ్యపు గంజి వాసన. మా అత్త చీరకు, చేతులకు, తలవెంట్రుకలకు కూడా అదే వాసన. మగ్గం మీద నిలువుగా పరిచే పోగులే పడుగు, అది నేతకు పనికి రావాలంటే దానికి గంజి పెట్టాలి. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. గంజి చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పల్చనైతే మగ్గం మీద పుటుక్కుమని తెగుతాయి. ఆ రెండిటికీ నడుమ ఉన్న గంజి కాచడంలో మా అత్తను మించినవాళ్లు వాడకట్టులోనే లేరు.

ఆమెకొక అలవాటుండేది. ఎవరింటి ముందు గంజి కుండ కనబడినా పిలవకపోయినా పోయి వేలు ముంచేది. బొటనవేలుతో రాసి చూసి, తర్వాత ఆ వేలు నాలుక చివరన ఆనించేది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని "జర ఆగుర్రి" అనో, "ఇగ పట్టుర్రి" అనో చెప్పి తన దారిన తాను పోయేది. ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. నన్ను మాత్రం ఆ కుండ దరిదాపులకు రానిచ్చేది కాదు. "బొగ్గు బాయి పిల్లవు, నీకేం ఎరుక" అనేది. కండెలకు నూలు చుట్టడం, వంట చేయడం, ఇవే నా పనులు. పని దొరకని నెలల్లో రాత్రి తిండి కూడా ఆ గంజే. ఉప్పు, ఉల్లిగడ్డ నంజుకుని అందరం తాగేవాళ్లం. తాగుతూ అత్త ఎవరి వైపూ చూసేది కాదు.

నాకు పెళ్లయిన మరుసటేడు మా ఆయనకు విషజ్వరం వచ్చింది. మామ అంతకు చాలా ముందే పోయాడు. ఉన్నది ఒక్కడే కొడుకు. వాడు బతికితే కాశీ గంగను నడిచి తెస్తానని అత్త మొక్కుకుంది. మా వాడకట్టులో ఒక ఆచారం ఉండేది. కాశీకి ఎట్లయినా పోవచ్చు గానీ గంగను తెచ్చేటప్పుడు నడిచే తేవాలి, ఊరు చేరేదాకా గంగ నింపిన చెంబులు నేలకు ఆనకూడదు. మా ఆయన బతికాడు. లేచి నాలుగడుగులు వేయగానే అత్త ప్రయాణం కట్టింది. గంగ కావడి మోయడానికి ఆమె తమ్ముడు రాజమామ, వండిపెట్టడానికి నేను. అత్త ముందే గంజి పెట్టి ఉంచిన పడుగులతో మగ్గం నడవాలి కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. కొత్త పెళ్లికూతురిని అంత దూరం తోలుకుపోతారా అని నన్ను కన్న మా అవ్వ నస్పూర్ నుంచి కబురు పంపితే, "నాతోనే కదా వచ్చేది, పులి నోట్లెకు పోతలేదు" అని అత్త తిరిగి కబురు పంపింది. పులి తోడున్నట్టే ఉంటుందని అప్పుడు నాకనిపించింది, ఎవరితో అనలేదు.

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలి రావాలి, మళ్లీ జన్మలో ముట్టకూడదు. గంగలో మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టి పంతులు ఒక్కొక్కరినీ అడిగాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు. రాజమామ పొట్లకాయ వదిలాడు. పొట్లకాయ పేరెత్తితేనే విస్తరి ముందు నుంచి లేచే మనిషి ఆయన. నేను ఆలోచించకుండా జామపండు అన్నాను. ఆ తర్వాత తొవ్వ పొడుగునా జామపండ్ల గంపలు ఎదురవుతుంటే నా నాలుకను నేనే తిట్టుకున్నాను. అత్త మాత్రం ముందే అనుకుని వచ్చినట్టు "గంజి" అంది.

"గంజి ఏమిటమ్మా? ఇష్టమైనది చెప్పండి, పండో కూరో" అన్నాడు పంతులు.

"ఆకలైనప్పుడు గంజి కన్న ఇష్టమైంది ఏమున్నది పంతులూ? బతుకంత గదే తాగిన. నా కొడుకు లేచిండు, రెండు మగ్గాలు ఆడ్తయి. ఇగ నా ఇంట్ల గంజి తాగే దినాలు రావద్దు. గంజే ఇడుస్తున్న" అని దోసిలి నిండా నీళ్లు వదిలింది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజమామ కూడా ముక్కు తుడుచుకున్నాడు. మేం ముగ్గురం సాలోళ్లమే. అయినా ఆ నీళ్లలో నిలబడి ఉండగా మా కళ్ల ముందున్నది రాత్రిపూట గిన్నెలోని గంజి ఒక్కటే. పడుగు గంజి ఒక్కరికీ గుర్తుకు రాలేదు. ఇంత తెలివితక్కువ పని లోకంలో సాలోళ్లు తప్ప ఇంకెవరైనా చేయగలరా?

ఆ నడక అంతా రాస్తూ పోతే ఇది ఒడవదు. చీకటితో లేవడం, ఎండ ముదిరేదాకా నడవడం, మధ్యాహ్నం ఏదో చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, చెంబులు కొమ్మకు వేలాడేయడం, కొమ్మ లేనిచోట వంతులవారీగా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. ఒళ్లో గంగ ఉంటే కునుకు తీయడానికి కూడా లేదు. అత్త అందరికంటే ముందు నడిచేది. వెనక్కి తిరిగి చూసేది కూడా కాదు. "అక్కా, గంగ తొణుకుతది" అని రాజమామ మొత్తుకుంటే, "చెంబుల మూతులు మాట్లేసి మూపిచ్చినం, ఏడ తొణుకుతది, నడువు" అనేది. నా అరికాళ్లు మొదట బొబ్బలెక్కాయి, తర్వాత కాయలు కాచాయి, ఆ తర్వాత అవి నావి కావన్నట్టయ్యాయి. పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ గడ్డ మీద అడుగుపెట్టి, ఒక ముసలాయన మేకలను తెలుగులో తిట్టడం వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇప్ప పూలు రాలే కాలం. గాలి అంతా మత్తుగా తియ్యగా ఉంది. ఇంకెంత, అయిపోవచ్చింది, ఇల్లు చేరినట్టే అనుకున్నాను.

ఆదిలాబాద్ దాటిన తర్వాత ఒక చిన్న ఊళ్లో తెల్లవారుజామున సాలోళ్లు వీధిలో పడుగు సాపి ఉన్నారు. పొయ్యి మీంచి దించిన గంజి కుండ అరుగు పక్కన పెట్టి ఉంది. అత్త అలవాటు కొద్దీ గబగబా పోయి వంగింది. వేలు కుండ దాకా పోయింది, అక్కడే ఆగిపోయింది. చాలాసేపు అట్లాగే వంగి నిలబడింది. "ఏ ఊరమ్మా మీది? ఏమన్న పోయిందా?" అని ఆ ఇంటామె అడిగింది. అత్త చేయి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. ఆ చేయి కాలినట్టు ఎందుకు దాచుకుందో నాకప్పుడు తట్టలేదు.

ఆ రోజు నుంచి ఆమె నడక మారింది. ముందు నడిచే మనిషి వెనకబడింది. ఇచ్చోడలో కాలు నొస్తోందని ఒక రోజు, ఎండ ఎక్కువుందని ఇంకో రోజు ఆపింది. నిర్మల్ ఘాట్ కొండ తొవ్వ దిగేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా కూర్చుంది. కాశీ నుంచి ఇక్కడి దాకా ఎండ పేరెత్తని మనిషి. రాజమామ నాతో గుసగుసగా "అక్కకు గాలి గిట్ల సోకిందంటవా" అన్నాడు. నిర్మల్‌లో ఒక సత్రంలో దిగాం. పొద్దున రొట్టె తింటుంటే అత్త నా పక్కకు జరిగింది.

"పిల్లా, గీడికెల్లి ఖానాపూర్ మీదంగ మంచిర్యాలకు తొవ్వున్నది. నస్పూర్ పోదాం. మీ అవ్వను సూసి ఎన్ని దినాలాయె. నువ్వు పది దినాలు ఉండు, నేను గూడ ఉంట" అంది.

చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. రెండు పండగలకు పుట్టింటికి పంపమని అడిగితే పంపని మనిషి ఈమె. ఎంత ఆశ పుట్టిందంటే, అవ్వ వాకిట్లో నిలబడి ఉన్నట్టు కళ్లకు కట్టింది. కానీ ఆమె మొహం చూస్తే ఆ ఆశ నిలవలేదు. "ఏమైందత్తా? ఇంటికి పోవుడు ఇష్టం లేదా నీకు?" అని అడిగేశాను.

ఆమె అరచేతులు రెండూ నా ముందు చాపింది. "ఏం మొఖం పెట్టుకోని పోవాలె? గీ చేతులతోని ఇగ గంజి పెట్టరాదు. పోరడు పడుగు ఆపి నా కోసం సూస్తుంటడు. గంజి పెట్టకుంటే నేను ఆ ఇంట్ల ఎవలను? తిని కూసునే ముసల్దాన్ని" అంది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

రాజమామకు విషయం అర్థమై నవ్వబోయి ఆపుకున్నాడు. "గింతదానికా అక్కా? నువ్వు ఇడిసింది తాగుడు. పడుగుకు పెట్టుడు గాదు. గంగమ్మకు గంత తెల్వదా?"

"నాలికె మీద పెట్టి సూడకుంటే నాకు గంజి తెల్వదురా. కండ్లకు తెల్వది, చేతి ఏళ్లకు తెల్వది. నాలికెకే తెలుస్తది. ఇప్పుడు ముడితే, పోరని కోసం మొక్కిన మొక్కును నోట్లె ఏసుకున్నట్టే."

కొడుకు ప్రాణానికి ముడిపెట్టిన మాట కదా, తప్పించుకునే దారి చెప్పడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? నేనే అన్నాను. "నాకు నేర్పు అత్తా. నా నాలికె ఉన్నది గద."

"నీకా?" అంది. అన్నదే తప్ప బొగ్గు బాయి మాట ఎత్తలేదు.

నస్పూర్ తొవ్వ విడిచి ఇంటి వైపు పోయే సోన్ తొవ్వ పట్టాం. విడిచేటప్పుడు నాకు గుండె బరువైంది, అబద్ధమెందుకు. ఆ రోజు నుంచి సాయంత్రం ఎక్కడ దిగితే అక్కడ నూకలు ఉడకబెట్టి గంజి కాచి పెట్టడం, తెల్లవారి లేచి దాన్ని రుచి చూడటం నా చదువైంది. అత్త మూరెడు దూరంలో చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చునేది. "ఏలుకు అంటుకున్నదా? జారిందా? నాలికె మీద ముందు పులుపు తెలుస్తున్నదా, తర్వాత తెలుస్తున్నదా?" అని అడిగేది. నాకు చెప్పడం వచ్చేది కాదు. మొదటి రోజు "గంజి లెక్కనే ఉన్నది" అన్నాను. అత్త నెత్తి కొట్టుకుంది. సోన్ వంతెన మీద గోదావరిని దాటుతూ కూడా ఆమె నీళ్లకు దండం పెట్టి, వెంటనే నా వైపు తిరిగి "పొద్దుగాల పులుపు ఎక్కువుండె అన్నవు గద, ఎంత ఎక్కువ?" అని అడిగింది. తనకు తెలిసినదంతా తన నోట్లో ఉండిపోయింది. దాన్ని మాటల్లో పెట్టడం ఆమెకు కొత్త, ఆమె మాటలను నాలుక మీద వెతుక్కోవడం నాకు కొత్త. ఇద్దరం కసురుకుంటూనే నేర్చుకున్నాం. రోజూ మిగిలిన గంజి అంతా రాజమామ తాగాల్సి వచ్చేది. "ఇడిసింది అక్క, తగిలింది నాకు" అనేవాడు.

కోరుట్లలో అత్తకు వరుసకు చెల్లెలు ఉంది, నాకు చిన్నత్త. మేం పోయేసరికి వాళ్లింట్లో మరునాటికి పడుగు సిద్ధంగా ఉంది. అక్క వచ్చింది, ఇంకేం, అక్క చేతనే పెట్టిద్దామని ఆమె సంబరపడింది. అత్త సంగతి చెప్పి, "మా పిల్ల సూస్తది" అంది. ఒకరి పడుగు పాడుచేస్తే వాళ్ల నెల తిండి పాడుచేసినట్టు. పొద్దున వీధిలో పడుగు సాపారు. నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. పులుపు ఇంకా ముందే తగులుతోంది, కుదిరిన గంజికైతే అది తర్వాత తెలియాలి. "జరసేపు ఆగాలె" అన్నాను. పొద్దు పొడుస్తోంది, ఎండ వస్తే పడుగు చేతికి రాదని చిన్నత్త పరేషాన్ అయింది. అత్త కూడా కుండలోకి తొంగి చూసి, చూపుకు సరిగ్గానే ఉందని, "పట్టరాదే పిల్లా" అంది. నాకు భయం వేసింది. కానీ నాలుక మీద ఉన్నది కాదనలేకపోయాను. "నువ్వే చెప్పినవు గదత్తా, కండ్లకు తెల్వదని" అన్నాను.

అత్త నా మొహం వైపు చూసింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి "ఆగుదాం" అంది.

ఆగాం. కాస్తంత వేడినీళ్లు కలిపి, మళ్లీ చూసి పట్టమన్నాను. కుంచెలు తీసుకుని చెరో పక్క నుంచి దువ్వారు. పొద్దెక్కేసరికి పోగు పోగుకూ విడిగా, గరుకు లేకుండా ఆరింది. చిన్నత్త పెనిమిటి పడుగు మీద చేయి వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. సాలోళ్లలో అంతకన్నా మెచ్చుకోలు ఉండదట. ఆ సంగతి అత్తే చెప్పింది. మరునాడు కోరుట్లలో బయలుదేరితే అత్త ముందుంది. జగిత్యాల దాకా ఆమెను అందుకోలేకపోయాం. "అక్కా, గంగ" అని రాజమామ మళ్లీ మొదలుపెట్టాడు. నాకు నవ్వాగలేదు. ఎంత సుఖంగా ఉండిందో ఆ నడక! అరికాళ్లు కూడా మళ్లీ నావయ్యాయి.

ఇప్పుడు మా వాడకట్టులో వీధిలో పడుగు సాపేవాళ్లు లేరు. పవర్లూములు వచ్చాయి, గంజి పెట్టిన నూలు మిల్లు నుంచే చుట్టి వస్తుంది. వీధిలో పడుగు ఉండే చోట మోటారు సైకిళ్లు ఉంటాయి. పోయిందని ఏడవను. చలికాలం తెల్లవారుజామున నీళ్లలో చేతులు పెట్టి, పొట్ట నిండని ఆ పని చేసినవాళ్లెవరూ అది మళ్లీ రావాలని కోరుకోరు. నా మనుమరాలు కంప్యూటరులో బట్టల మీద బుటాలు గీస్తుంది. దానికి రంగు సరిగ్గా కుదిరిందో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "తెలుస్తది బాపమ్మా, చెప్పరాదు" అంది. చెప్పడం నేర్చుకో, నీ తర్వాత వచ్చేవాళ్లకు కావాలి అన్నాను. అది నవ్వింది గానీ ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని చాలాసేపు చెప్పింది. సగం అర్థం కాలేదు. అయినా సంతోషం వేసింది.

ఆ నడక ముగిసిన రోజు జమ్మికుంట పొలిమేరకు వాడకట్టు అంతా డప్పులతో వచ్చింది. మా కాళ్లు కడిగారు, గంగ చెంబులు దింపకుండానే చేతులు మార్చుకుంటూ ఇంటి దాకా తెచ్చి పీట మీద పెట్టారు. అక్కడే నాకు ఏడుపొచ్చింది, అదీ మా ఆయన గడ్డం గీసుకుని, కాస్త ఒళ్లు చేసి, సిగ్గుపడుతూ నిలబడి ఉంటే చూసి. ఆయన తల్లి కాళ్లకు మొక్కి, "అవ్వా, పడుగు తయారున్నది. నీ చెయ్యి పడాలెనని ఆపిన. రేపు పొద్దుగాల పెడ్దాం" అన్నాడు.

వాడకట్టు అంతా అక్కడే ఉంది. అత్త మెల్లగా చెబుతుందేమో, రేపు చెబుతుందేమో అనుకున్నాను. ఆమె అందరికీ వినబడేట్టే చెప్పింది. "నా చెయ్యి ఇగ పడది బిడ్డా. నువ్వు లేచినవని గంజి కాశీల ఇడిసొచ్చిన."

మా ఆయన మొహం పాలిపోయింది. ఎదురింటి ముసలామె అడిగింది. "మరి మీ పడుగుకు ఎవలు పెడ్తరు?"

"నా కోడలు."

"బొగ్గు బాయి పిల్లనా?"

"కాశికెల్లి నాతోని నడిచొచ్చిన పిల్ల" అంది అత్త. అని, కాళ్లు తుడుచుకుని ఇంట్లోకి పోయింది.

మరునాడు చీకటి విచ్చుకునేసరికి వీధిలో మా పడుగు. అటూ ఇటూ అరుగుల మీద ఆడవాళ్లు, మగవాళ్లు, పనీపాటా లేనివాళ్లు కూడా. కుండ దగ్గర కూర్చుని వేలు ముంచాను. బొటనవేలుతో రాసి, నాలుక మీద పెట్టుకున్నాను. అంతమంది చూస్తుంటే పులుపు ముందా వెనకా అన్నది కూడా తెలియలేదు. తలెత్తి అత్త కోసం వెతికాను. ఆమె మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. పడుగు వీధిలో ఉండగా ఆమె కూర్చోవడం వాడకట్టులో ఎవరూ ఎరగరు. కళ్లతోనే ఏదో ఒకటి చెబుతుందని ఆశగా చూశాను.

"నా మొఖమేం జూస్తవే? పడుగును జూడు" అంది. అని, ఎదురింటి ముసలామె వైపు తిరిగి, "జర చాయ్ పొయ్యరాదే, నడిచి నడిచి వచ్చిన" అంది.

నేను కళ్లు మూసుకుని ఇంకోసారి నాలుక మీద పెట్టుకున్నాను. "ఇగ పట్టుర్రి" అన్నాను. పడుగు ఆరేదాకా అత్త అరుగు దిగలేదు.